రాముడితడు, మాయమ్మ, వాడుగొట్టె

మన తెలుగు పీరియడ్‌లో సంధులు మొదలైన రోజు బోర్డు మీద పడ్డ ఉదాహరణలు ఈ సంచిక చదివేవాళ్లకు ఇప్పటికీ నోటికి వచ్చే ఉంటాయి. రాముడు + ఇతడు = రాముడితడు. ఉకారం పోయింది, అది లోపం. మా + అమ్మ = మాయమ్మ. యకారం వచ్చి చేరింది, అది ఆగమం. వాడు + కొట్టె = వాడుగొట్టె. ‘క’ను తోసేసి ‘గ’ కూర్చుంది, అది ఆదేశం. వాటితోపాటే ఒక సూత్రం: ‘మిత్రవదాగమః, శత్రువదాదేశః’. ఆగమం స్నేహితుడిలా వచ్చి పక్కన కూర్చుంటుంది. ఆదేశం శత్రువులా వచ్చి ఉన్నవాణ్ణి లేపేస్తుంది.

పలు శైలులు కలిసిన ఎక్స్‌ట్రీమ్ మెటల్ (రాక్ సంగీతంలో బాగా వేగం, బరువు ఉన్న శాఖ) ఆల్బమ్ గురించి మనవాళ్లకు చెప్పాలంటే ఈ పాఠం కన్నా దగ్గరి దారి లేదు. డెత్ మెటల్, బ్లాక్ మెటల్, గ్రైండ్‌కోర్, ప్రోగ్రెసివ్ రాక్, జాజ్, యాంబియెంట్: వీటిలో మూడు నాలుగు ఒకేచోట ఉన్న ఆల్బమ్‌ను మొదటిసారి విన్నవాళ్లు ‘ఏమిటీ రొద’ అంటారు. పదోసారి వింటున్నవాళ్లు మాత్రం ఫలానా చోటు ఎప్పుడొస్తుందా అని కాచుకుని ఉంటారు. ఆ చోటు దాదాపు ఎప్పుడూ ఒక శైలి మరో శైలిగా మారే అతుకే. వేగం, అరుపు, బరువు ఇవన్నీ ముడిసరుకు. పట్టంతా సంధిలో ఉంది.

ముందు ఆ ముడిసరుకు సంగతి. ఫిజిక్స్ ల్యాబ్‌లో సోనోమీటర్ గుర్తుందిగా: తీగ పొడవు, బిగువు, మందం. గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ మామూలుగా ‘ఈ’ స్వరం, 82.4 హెర్ట్జ్. డెత్ మెటల్‌లో దాన్ని తరచు ‘బి’ దాకా, అంటే 61.7 హెర్ట్జ్‌కి దింపుతారు. పౌనఃపున్యం బిగువు వర్గమూలాన్ని బట్టి పోతుంది కాబట్టి అదే తీగను అంత దింపితే బిగువు 56 శాతమే మిగులుతుంది. వదులైన తీగను గట్టిగా మీటగానే శ్రుతి ఒక్క క్షణం పైకెగిరి మళ్లీ కిందికి జారుతుంది. రెండు గిటార్లలో ఆ జారుడు రెండు రకాలుగా ఉంటే రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ పలుకు) బురదైపోతుంది. అందుకే 0.046 అంగుళాల తీగ తీసి 0.060 దరిదాపుల్లోది వేస్తారు, లేదా 25.5 అంగుళాల స్కేల్ (తీగ పలికే పొడవు) వదిలి 27 అంగుళాల బారిటోన్ గిటార్‌కి పోతారు. లావు తీగ వేసి నట్ (గిటార్ మెడ చివర తీగలు ఆనే పట్టీ) గాడిని వెడల్పు చేయకపోతే తీగ గాడి పైనే నిలబడి, మొదటి రెండు మూడు ఫ్రెట్ల (మెడ మీది లోహపు మెట్ల) మీద శ్రుతి ఎక్కువ పలుకుతుంది. చాలామంది ఆ తప్పును పికప్ (తీగ కంపనాన్ని పట్టే భాగం) మీదకో ఆంప్ (యాంప్లిఫయర్) మీదకో తోసి డబ్బు తగలేస్తారు.

డిస్టార్షన్‌లో, అంటే గిటార్ శబ్దాన్ని కావాలని గరుకు చేయడంలో, మరో విశేషం ఉంది. 61.7 హెర్ట్జ్ స్వరాన్ని, దాని పంచమాన్ని (92.5) కలిపి డిస్టార్షన్‌లోకి పంపితే రెండింటి తేడా, దాదాపు 30.8 హెర్ట్జ్, అందులోంచి కొత్తగా పుడుతుంది. అంటే ఎవరూ మీటని ఒక స్వరం సరిగ్గా ఒక స్థాయి కింద పలుకుతుంది. స్వరమూ పంచమమూ కలిసిన ఈ జంటకి, అంటే పవర్ కార్డ్‌కి, అంత బరువు అక్కణ్ణుంచే వస్తోంది. మేజర్ థర్డ్‌ను (స్వరం, దాని అంతర గాంధారం) అలాగే పంపితే, గిటార్ ఫ్రెట్ల మీద ఆ అంతరం శుద్ధమైన 5:4 నిష్పత్తికి కాస్త ఎక్కువగా ఉండటం వల్ల, స్వరాలు ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటాయి. బ్లాక్ మెటల్ ఆ కొట్లాటనే రంగుగా వాడుకుంటుంది. డెత్ మెటల్ తప్పించుకుంటుంది. రెండింటినీ కలిపే బ్యాండ్ గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) ఎక్కడ తగ్గించాలో తెలుసుకోవాలి.

ఒక్కో ఊరి శబ్దం ఒక్కో పరికరంలోంచి, ఒక్కో స్టూడియోలోంచి వచ్చింది. స్టాక్‌హోమ్ డెత్ మెటల్ రంపపు శబ్దం బాస్ కంపెనీ హెచ్‌ఎమ్-2 పెడల్‌ది (కాలితో నొక్కే డిస్టార్షన్ పెట్టె). దానికి ఉన్న 4 నాబ్‌లనూ చివరిదాకా తిప్పేయడమే ఆ సెట్టింగ్. ఫ్లోరిడాలో టాంపా బ్యాండ్లు మోరిసౌండ్ స్టూడియోలో రికార్డు చేసుకున్న శబ్దం దీనికి విరుద్ధం: పొడిగా, కత్తిరించినట్టు, ప్రతి స్వరమూ విడివిడిగా. ఈ రెండూ ఒకే ఆల్బమ్‌లో కావాలనుకుంటే రెండు గిటార్ టోన్లు విడిగా పట్టుకోవాలి. ఒకటే టోన్‌తో రెండు శైలులూ వాయిస్తే రెండోది ఎప్పుడూ వేషం వేసుకున్నట్టే ఉంటుంది.

డ్రమ్స్ లెక్క సులువు. నిమిషానికి 220 బీట్ల వేగంలో ఒక్కో బీట్‌కి 4 కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) దెబ్బలు పడితే సెకనుకు 14.7. సెకనుకు 20 దాటితే చెవి దెబ్బలను విడిగా లెక్కపెట్టడం మానేసి శ్రుతిగా వినడం మొదలుపెడుతుంది. 14.7 ఆ గడప ముందు నిలబడ్డ సంఖ్య: అటు తాళమూ పూర్తిగా కాదు, ఇటు స్వరమూ కాదు. బ్లాస్ట్ బీట్ (డ్రమ్స్ ఎడతెగకుండా దడదడలాడే తాళం) కొంతసేపు విన్నాక వేగం తెలియకుండా పోయి అంతా నిశ్చలంగా అనిపించడానికి కారణం అదే. సంధికి ఇది బంగారం లాంటి చోటు. శ్రోత లెక్క మానేశాడు కనుక కింద ఏది మార్చినా పసిగట్టలేడు.

గ్రోల్ గురించి, అంటే డెత్ మెటల్ గాయకుల గుర్రుమనే గొంతు గురించి, ఒక్క మాట. అది స్వరతంత్రుల పైన ఉండే ‘ఫాల్స్ కార్డ్స్’ కంపనం, ఊపిరి ఒత్తిడితో నడుస్తుంది. గొంతు బిగబట్టి అరిస్తే వారంలో బొంగురుపోతుంది. గ్రోల్‌కి స్పష్టమైన శ్రుతి ఉండదు కాబట్టి అది ఏ రాగంతోనూ తగాదా పెట్టుకోదు. కింద కార్డ్‌లు ఎంత మారినా పైన గొంతు అలాగే సాగొచ్చు. శైలులను కుట్టే దారం చాలాసార్లు ఈ గొంతే.

ఇక సంధులు. లోపసంధి అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా అందం కూడా. గిటార్ ట్రెమొలో పికింగ్ (ఒకే స్వరాన్ని వేగంగా మీటుతూ పోవడం) అలాగే సాగుతుంటే డ్రమ్స్ ఒక్కసారిగా తప్పుకుంటాయి. చేతులు మారలేదు, స్వరాలు మారలేదు, పికింగ్ వేగమూ మారలేదు. తుఫానులా వినిపించినది మెరుపుల తెరలా వినిపిస్తుంది. డెఫ్‌హెవెన్ 2013 ఆల్బమ్ ‘సన్‌బేదర్’ బ్లాక్ మెటల్‌ను షూగేజ్‌తో (గిటార్లు పొగమంచులా కమ్ముకునే రాక్ శైలి) కలపగలిగిందంటే, ఆ రెండు శైలుల్లో కుడిచేయి చేసే పని దగ్గరదగ్గరగా ఉండటం పెద్ద కారణం. ఇక్కడ జరిగే పొరపాటు డ్రమ్స్‌తోపాటు బేస్ గిటార్‌ను కూడా తీసేయడం. అప్పుడు కింది నేల పోయి, కరెంటు పోయినట్టు ఉంటుంది. ఒక్క అచ్చు పోవాలి గాని పదం మొత్తం కాదు కదా.

ఆగమసంధిలో కొత్త వాద్యం ఎవర్నీ కదపకుండా వచ్చి కూర్చోవాలి. కూర్చోవడానికి చోటు ముందే వదిలి ఉండాలి. గిటార్ల కొరుకుడు 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది. కీబోర్డ్ ప్యాడ్ (వెనక పరుచుకుని సాగే స్వరం) కూడా అక్కడే నిండితే గిటార్లు దుప్పటి కప్పుకున్నట్టు అవుతాయి, మిక్సింగ్ చేసేవాళ్లు గిటార్ పెంచుతారు, కీబోర్డ్ మునుగుతుంది, మళ్లీ అది పెంచుతారు. దీనికి అంతు లేదు. ప్యాడ్‌ను ఆ పట్టీలో 3 నుంచి 6 డెసిబెల్స్ తగ్గించి, గిటార్‌ను 80 హెర్ట్జ్ కింద కోసేసి ఆ నేల బేస్‌కి వదిలితే ముగ్గురూ పడతారు. సినిక్ బ్యాండ్ 1993లో ‘ఫోకస్’ ఆల్బమ్‌లో డెత్ మెటల్ గ్రోల్ పక్కన వోకోడర్‌లోంచి (గొంతును యంత్రంలా మార్చే పరికరం) పాడిన గొంతును, ఫ్రెట్‌లెస్ బేస్‌ను కూర్చోబెట్టింది. ఇన్నేళ్లకూ అది అరిగిపోలేదంటే వచ్చినవాళ్లు ఎవరి కుర్చీనీ లాగలేదు గనుకే. డెన్వర్ బ్యాండ్ బ్లడ్ ఇన్‌కాంటేషన్ 2024లో తెచ్చిన ‘అబ్సల్యూట్ ఎల్స్‌వేర్’ ఈ పద్ధతిని ఇంకా ముందుకు తీసుకెళ్లింది. అది బెర్లిన్‌లో హన్సా స్టూడియోలో రికార్డయింది. రెండే పాటలు, ఒక్కోటి మూడు భాగాలు, ఒక్కోటి 20 నిమిషాలకు అటూ ఇటూ. అంటే ఎల్‌పీలో సరిగ్గా ఒక్కో ముఖానికి ఒకటి. జర్మన్ ఎలక్ట్రానిక్ సంగీత బృందం టాంజరీన్ డ్రీమ్‌కి చెందిన థోర్‌స్టెన్ క్వెష్నింగ్ అందులో సింథసైజర్లు వాయించారు. అంత నిడివి ఉంటేనే యాంబియెంట్ భాగానికి ఊపిరి ఆడుతుంది. 4 నిమిషాల పాటలో 40 సెకన్ల సింథ్ పెడితే అది తలుపు దగ్గర నిలబడి వెళ్లిపోయిన చుట్టమే.

ఆదేశసంధి అన్నిటికన్నా కష్టం. దీన్ని దగ్గరగా చూడాలి. 180 వేగంలో ఒక్కో బీట్‌ను మూడుగా చీలిస్తే నిమిషానికి 540 దెబ్బలు. తకిట తకిట తకిట తకిట. ఇప్పుడు ఆ 540 దెబ్బల వేగం ఏమాత్రం మార్చకుండా నాలుగేసి కట్టలు కట్టండి: తకధిమి తకధిమి తకధిమి. బీట్ 135కి దిగిపోయింది. కిక్ డ్రమ్ అలాగే పరుగెడుతోంది, కానీ స్నేర్ (చేత్తో కొట్టే చురుకైన డ్రమ్) పడే చోటు మారడంతో పాట మొత్తం ఒక్కసారిగా బరువెక్కి కుంగుతుంది. డెత్ మెటల్ ఉన్న కుర్చీలో నిదానంగా, బరువుగా సాగే డూమ్ మెటల్ కూర్చుంది. అక్షరకాలం ఒకటే కాబట్టి ఎక్కడ మారిందో చెప్పలేం, మారిందని మాత్రం ఒళ్లు చెబుతుంది.

దీన్ని సాధన చేసేవాళ్లు ఎక్కువగా గడప మీదే తడబడతారు. స్నేర్ చేయి కొత్త చోటు వెతుక్కునే తొందరలో కిక్ వేగం పెరుగుతుంది. దానికి విరుగుడు 12. 12 అక్షరాల్లో నాలుగు తకిటలు పడతాయి, మూడు తకధిములూ పడతాయి. మారబోయే ముందు చివరి ఆవర్తంలో గిటార్ తకిటలోనే ఉండగా స్నేర్‌ను మాత్రం నాలుగో అక్షరానికోసారి వేయాలి. అంటే డ్రమ్స్ ఒక ఆవర్తం ముందే గడప దాటతాయి, గిటార్లు వెనక వస్తాయి. ముందు వాద్యాలు పక్కన పెట్టి నోటితో అక్షరాలు పలుకుతూ చేత్తో బీట్ వేసి చూసుకోండి. నోటికి కుదరనిది కాలికి కుదరదు. క్లిక్ ట్రాక్‌లో (వాయించేవాళ్ల చెవిలో తాళం చూపే టిక్కులు) 180 నుంచి 135కి మార్పు ఒకే గీత మీద పడాలి. సాఫ్ట్‌వేర్‌లో దాన్ని ఏటవాలు దిగుడుగా పెడితే అక్షరకాలం సాగిపోయి సంధి చచ్చిపోతుంది.

స్వీడన్‌లోని ఉమియో నుంచి వచ్చిన మెషుగా బ్యాండ్ బాగా ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇంకొకటి. పైన సింబల్ నాలుగులో నడుస్తుంటే కింద గిటార్, కిక్ ఐదులో నడుస్తాయి: తకతకిట తకతకిట. ఒక్కో బార్ (ఆవర్తం) 16 అక్షరాలు, 4 బార్లలో 64 అక్షరాలు. 12 తకతకిటలకు 60 అయిపోతాయి, 4 మిగులుతాయి. 13వ తకతకిటను ఒక అక్షరం ముందే తెంచి మళ్లీ మొదటికి వస్తారు. ఆ తెగిన ఒక్క అక్షరమే తల ఊపుతున్నవాళ్లను ముందుకు తోస్తుంది. తెంచకుండా వదిలేస్తే 5 బార్లకు గాని రెండూ కలవవు. అదీ ఒక రుచే, కానీ 4 బార్లకు అలవాటు పడ్డ చెవికి అలసట ఎక్కువ.

ఇంత కష్టపడి కట్టినదాన్ని చివరి మెట్టు మీద పాడుచేయడం మామూలు. మాస్టరింగ్‌లో (విడుదలకు ముందు చివరి శబ్ద సవరణ) లిమిటర్‌ను (శబ్దం ఎత్తును ఒక హద్దు దగ్గర ఆపే పరికరం) గట్టిగా నొక్కితే క్లీన్ గిటార్ భాగమూ బ్లాస్ట్ బీట్ భాగమూ ఒకే ఎత్తులో వచ్చేస్తాయి. 10 డెసిబెల్స్ తేడా ఉంటే చెవికి దాదాపు రెట్టింపు అనిపిస్తుంది. ఆ తేడా 2కో 3కో పడిపోయాక లోపమైనా ఆదేశమైనా కాగితం మీదే ఉంటుంది. సంధులే కట్టకుండా రిఫ్ పక్కన రిఫ్ పేర్చిన ఆల్బమ్‌లు మరీ ఎక్కువ. వాటిని గుర్తుపట్టడం తేలిక: ఏ రెండు భాగాలు తారుమారు చేసినా పాటకు నష్టం ఉండదు.

వినేవాళ్లకు: మొదటిసారి సాహిత్యం చూడకుండా చివరిదాకా వినండి. రెండోసారి బేస్ ఒక్కదాన్నే పట్టుకుని వెళ్లండి, అతుకులన్నీ కింద నుంచి బయటపడతాయి. మూడోసారి కాగితం మీద నిమిషాలు, సెకన్లు వేసుకుని పక్కన లోపమో ఆగమమో ఆదేశమో రాయండి. శబ్దం పెంచేముందు ఒక లెక్క చూసుకోండి. 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు వినొచ్చు, ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 94 దగ్గర గంట, 97 దగ్గర అరగంట. 97లో పెడితే 45 నిమిషాల ఆల్బమ్ పూర్తికాకముందే చెవికి ఆ రోజుకి హద్దు దాటుతుంది.

ఆఖరి సంధి శబ్దానికీ నిశ్శబ్దానికీ మధ్య. గిటారిస్టు తీగల మీద చేయి వేయకుండా స్పీకర్ ఎదుట నిలబడితే ఫీడ్‌బ్యాక్ (స్పీకర్ శబ్దమే తీగను మళ్లీ కదిలించడంతో పుట్టే కూత) ఒక స్వరం మీద నిలుస్తుంది. రెండడుగులు వెనక్కి జరిగితే అది పై స్వరానికి దూకుతుంది, ఎందుకంటే దూరం మారితే తీగకు తిరిగొచ్చే కంపనం దశ మారుతుంది. ఆ స్వరాన్ని ఫేడర్‌తో దించకుండా దానంతట అది ఆగేదాకా రికార్డు చేసిన ఆల్బమ్‌లు ఉన్నాయి. హెడ్‌ఫోన్స్ వెంటనే తీయకండి. చివర్లో ఆంప్ హమ్ ఒక్కటే మిగిలి, తర్వాత అదీ పోతుంది.