బ్లాక్ ఫారెస్ట్ కేక్‌కి పులుపే ప్రాణం

విశాఖలో బేకరీల అద్దాల వెనక బ్లాక్ ఫారెస్ట్ లేని చోటు అరుదు. దాని మీద ఎర్రగా మెరిసే చెర్రీ చాలాచోట్ల చెర్రీ కాదు, రంగేసి పాకంలో ఊరబెట్టిన వాక్కాయ. పప్పులో వేసుకునేంత పుల్లటి కాయ పాకంలో నానేసరికి ఉత్త తీపైపోతుంది. ఈ కేక్‌కి కావలసింది మాత్రం ఆ పులుపే. వెన్న నిండిన క్రీమ్‌నీ, కోకో చేదునీ కలిపి నిలబెట్టేది అదే.

ఈ కేక్ జర్మనీది, పేరు అక్కడి బ్లాక్ ఫారెస్ట్ అనే అడవిది. జర్మన్లు పుల్లటి చెర్రీలే వాడతారు. చెర్రీలను పులియబెట్టి బట్టీ పెట్టిన కిర్ష్ అనే మద్యం కూడా పోస్తారు. దాని రుచి స్పష్టంగా తెలియాలని అక్కడి ఆహార ప్రమాణాలే చెబుతాయి. ఈ కేక్‌ని ఎవరు కనిపెట్టారన్నది ఇంకా తేలలేదు. 1915లో బాడ్ గోడెస్‌బర్గ్‌లో తానే చేశానని పేస్ట్రీ చెఫ్ యోజెఫ్ కెల్లర్ చెప్పుకున్నాడు. 1930లో ట్యూబింగెన్‌లో ఎర్విన్ హిల్డెన్‌బ్రాండ్ చేశాడని మరో వాదన. ఈ రెండు ఊళ్లూ ఆ అడవిలో లేవు!

స్పాంజ్ మామూలుదే: 4 గుడ్లు, 120 గ్రాముల పంచదార, 90 మైదా, 30 కోకో. అసలు పని చెర్రీల దగ్గరుంది. పుల్ల చెర్రీలు 350 గ్రాములు, వాటి రసం 250 మి.లీ., పంచదార 40 గ్రాములు, కార్న్‌ఫ్లోర్ 25 గ్రాములు. పిండిని కాస్త చల్లటి రసంలో కలిపి, మరిగే రసంలో పోసి, తెల్లదనం పోయి నిగనిగలాడాక ఇంకో నిమిషం ఉడకనివ్వాలి. ముందే దించితే ఫ్రిజ్‌లో నీరు వదిలి పొరలు జారిపోతాయి. రసం చల్లారాకే కిర్ష్ కలపాలి, వేడిలో పోస్తే వాసన ఎగిరిపోతుంది. మద్యం వద్దనుకుంటే చెర్రీ రసంలో నిమ్మరసం పిండండి.

పుల్ల చెర్రీలు దొరక్కపోతే వానాకాలంలో రైతుబజారుకొచ్చే పచ్చి వాక్కాయలే నయం. చీల్చి, గింజలు తీసి, జిగురు పాలు పోయేదాకా కడిగి, పంచదారతో ఉడికించండి. గుజ్జు దానంతటదే చిక్కబడుతుంది కాబట్టి కార్న్‌ఫ్లోర్ సగం చాలు.

క్రీమ్‌లో 35 శాతం కొవ్వుండాలి. 25 శాతం డబ్బాలది ఎంత గిలక్కొట్టినా నిలబడదు. మన ఊరి ఉక్కలో గిన్నె, బీటర్ ఫ్రీజర్‌లో 20 నిమిషాలుంచి, వీలైతే ఏసీ గదిలో కొట్టండి. చారలు చెదరకుండా నిలిచాయంటే వెంటనే ఆపాలి. ఇంకాస్త కొడితే పలుకులు కట్టి వెన్నవుతుంది. పేర్చేటప్పుడు ముందు అంచు చుట్టూ క్రీమ్‌తో గట్టు కట్టి, చెర్రీలు దాని లోపల పోస్తే పక్కలకి కారవు. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, తడి తుడిచిన వేడి కత్తితో కోయండి.