డ్రైనేజీ కనెక్షన్ ఫీజు దేనికి కడుతున్నామో నాకు ఒక వాన రాత్రి అర్థమైంది

పెద్ద వాన పడుతున్న రాత్రి మా కింది అంతస్తు బాత్రూమ్‌లో నేల జాలీలోంచి నల్లటి మురుగు పైకి తన్నింది. ఇంట్లో ఎవరూ నీళ్ళు వాడట్లేదు, కుళాయిలన్నీ కట్టేసే ఉన్నాయి, అయినా అది పెరుగుతూనే ఉంది. గుమ్మానికి పాత బట్టలు అడ్డం పెట్టి తెల్లారేదాకా కూర్చున్నాం. పొద్దున ప్లంబర్ వచ్చి ఇంటి ముందు ఛాంబర్ మూత తీసి చూసి, "మీ లైన్లో అడ్డం ఏమీ లేదండీ, రోడ్డు మీద మెయిన్ నిండిపోయి వెనక్కి తన్నింది" అన్నాడు. తర్వాత డాబా మీద నుంచి దిగే వాన నీళ్ళ పైపు వైపు చూసి, "దీన్నెక్కడ కలిపారు?" అని అడిగాడు.

అదే ఛాంబర్‌లో. ఇల్లు కట్టేటప్పుడు దగ్గరగా ఉందని మేస్త్రీ అందులో కలిపేశాడు, నేనూ సరే అన్నాను.

ఆ రోజే కూర్చుని లెక్క వేశాను. 100 చదరపు మీటర్ల డాబా మీద గంటకి 50 మిల్లీమీటర్ల వాన పడితే 5,000 లీటర్లు. మనిషికి రోజుకి 150 లీటర్లు వాడతారనుకుంటే నలుగురున్న ఇంట్లోంచి రోజంతా వెళ్ళే మురుగు 600 లీటర్లు. అంటే ఎనిమిది రోజులకి పైగా వెళ్ళాల్సిన నీళ్ళు మా డాబా ఒక్క గంటలో ఆ పైపులోకి తోసేసింది. మా వీధిలో నాలాగే ఇంకో పది ఇళ్ళు కలిపి ఉంటే ఆ మెయిన్ ఎలా తట్టుకుంటుంది? కట్టినప్పుడు వాన నీటినీ మురుగునీ కలిపి మోసేలా కట్టిన పాత నగరాల లైన్ల సంగతి వేరు. మురుగుకి విడిగా వేసిన లైన్లో వాన నీళ్ళు కలపకూడదన్నది దాదాపు ప్రతి మున్సిపాలిటీ నిబంధనల్లోనూ ఉంటుంది, నా అనుమతి పత్రం వెనక కూడా ఉంది. నేను చదవలేదంతే.

ఆ పత్రం తీసినప్పుడే కనెక్షన్ ఫీజు కట్టమని అప్పట్లో వచ్చిన పాత డిమాండ్ నోటీసు కూడా బయటపడింది. అప్పట్లో దాన్ని చూసి నాకు విపరీతమైన కోపం వచ్చింది, రోడ్డు కింద పైపు ఎప్పటినుంచో ఉంటే దానికి నా పైపు తగిలించడానికి ఇంత ఎందుకు అని. కానీ అందులో ఒక్క ఫీజు కాదు, మూడు నాలుగు కలిసి ఉంటాయి. దరఖాస్తు, తనిఖీ ఖర్చు చిన్నది. రోడ్డు తవ్వి మళ్ళీ వేసే ఖర్చు ఇంకొకటి, అది దూరాన్ని బట్టీ రోడ్డు రకాన్ని బట్టీ మారుతుంది. చాలా చోట్ల అన్నిటికంటే పెద్దది సామర్థ్యపు వాటా, అంటే మన ఇంటి మురుగు కోసం మెయిన్ లైన్లో, పంపింగ్ స్టేషన్‌లో, శుద్ధి కేంద్రంలో అట్టే పెట్టే చోటుకి మనం ఇచ్చే డబ్బు. మామూలు ఇంటిని ఒక యూనిట్‌గా తీసుకుని, అపార్ట్‌మెంటుకీ హోటల్‌కీ ఎన్ని యూనిట్లో లెక్క కడతారు. నేను ఒక ఇంటి వాటా కొనుక్కుని, వాన పడ్డ ప్రతిసారీ ఎన్నో ఇళ్ళ వాటా వాడుకున్నాను. ఇది తెలిశాక నాకు నిజంగా సిగ్గనిపించింది.

నెలనెలా వచ్చే మురుగు చార్జీ వేరే. ఇళ్ళ మురుగుకి మామూలుగా మీటర్ ఉండదు కాబట్టి చాలా చోట్ల వాడిన మంచినీళ్ళ మీదే లెక్క కడతారు. పెద్ద తోట ఉన్నవాళ్ళు ఒకటి కనుక్కోండి, కొన్ని మున్సిపాలిటీలు తోటకి వేరే మీటర్ పెట్టుకుంటే ఆ నీటి మీద మురుగు చార్జీ వేయవు.

ఫీజు కట్టాం కదా, ఇక అంతా మున్సిపాలిటీదే అనుకోకండి. ఇంటి నుంచి మెయిన్ దాకా వెళ్ళే పైపు బాధ్యత చాలా చోట్ల ఇంటి యజమానిదే, కొన్ని ఊళ్ళలో ప్రహరీ దాకా, కొన్నిట్లో రోడ్డు మధ్యలో కలిసే చోటు దాకా. ఇల్లు కొనేముందు ఈ ఒక్క ప్రశ్న రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. పైపు పూడ్చకముందే తనిఖీకి పిలవాలి, ఎందుకంటే మట్టి కప్పాక వాలు ఎవరికీ కనిపించదు. 4 అంగుళాల పైపుకి సుమారు 40 అడుగులకి ఒక అడుగు వాలు ఉంటే నీళ్ళతో పాటు మలమూ కదులుతుంది. పాత సెప్టిక్ ట్యాంకు ఉంటే దాన్ని ఖాళీ చేయించి ఇసుకతోనో మట్టితోనో నింపేయాలి, ఖాళీగా వదిలేస్తే ఏదో ఒకరోజు పైకప్పు కూలి మనిషి పడిపోవచ్చు.

ఇక మురుగు లైన్లోకి ఏం పంపకూడదన్న జాబితా. ఇది చదువుతుంటే ప్రతి లైను వెనకా ఏదో ఒక ప్రమాదం కనిపించింది. పెట్రోలు, థిన్నర్ లాంటివి పోయకూడదని మొదటే ఉంటుంది. 1992 ఏప్రిల్ 22న మెక్సికోలోని గ్వాడలహారాలో మురుగు లైన్లలోకి లీకైన పెట్రోలు పేలి వీధులకి వీధులే చీలిపోయాయి, 200 మందికి పైగా చనిపోయారు. వంట నూనె సింకులో పోస్తే వేడిగా ఉన్నప్పుడు జారిపోతుంది, చల్లబడ్డాక పైపు గోడకి పట్టేస్తుంది, కాల్షియంతో కలిసి గట్టి సబ్బులా మారుతుంది, దానికి వెట్ వైప్స్ చుట్టుకుంటాయి. 2017లో లండన్ వైట్‌చాపెల్ వీధి కింద అలాంటి ముద్ద 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువుతో బయటపడింది. ప్యాకెట్ మీద ఫ్లష్ చేయొచ్చని రాసి ఉన్నా సరే, వైప్స్ టాయిలెట్‌లో వేయకండి. ఇంట్లోనే వంట వ్యాపారం చేసేవాళ్ళు గ్రీజ్ ట్రాప్, అంటే నూనె లైన్లోకి పోకుండా ఆపే తొట్టి పెట్టుకోవాలి, అందులో నూనె, మడ్డి కలిపి లోతులో పావు వంతుకి వచ్చేసరికి తీయించాలి.

నాకు అన్నిటికంటే భయం వేసింది యాసిడ్ గురించి. మురుగులో గాలి తగలని చోట సల్ఫైడ్ అనే గంధకపు పదార్థం తయారవుతుంది, ఎవరో బాత్రూమ్ కడిగి గాఢమైన యాసిడ్ ఎక్కువగా వదిలితే ఆ సల్ఫైడ్ హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విష వాయువుగా మారి బయటికి వస్తుంది. ఆ వాయువు కొద్దిగా ఉంటే కుళ్ళిన గుడ్డు వాసన, బాగా ఎక్కువైతే ముక్కు మొద్దుబారి అసలు వాసనే తెలియదు. మ్యాన్‌హోల్‌లోకి దిగిన మనిషికి హెచ్చరిక కూడా అందదు. యాసిడ్ ఎంతుందో చెప్పే కొలత పిహెచ్, యాసిడ్ పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. మురుగు పిహెచ్ ఇంతకంటే తగ్గకూడదన్న కింది హద్దు చాలా నిబంధనల్లో 5, 6 మధ్య పెట్టడానికి పైపులని కాపాడటం ఒక కారణమే, కానీ నేను దాన్ని ఆ మనిషి కోసం పెట్టిన గీతగానే చూస్తున్నాను. శుద్ధి కేంద్రంలో మన మురుగుని తినేది కూడా ప్రాణులే. 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ చూపించిన పద్ధతిలో, గాలి ఊదుతూ బతికించే సూక్ష్మజీవులతోనే ఈరోజుకీ ఎన్నో కేంద్రాలు నడుస్తున్నాయి. పురుగుమందు, పెయింటు, మిగిలిన మందులు పోస్తే దెబ్బ తినేది అవే.

మా ఇంట్లో ఏం చేశామంటే, వాన పైపుని ఛాంబర్ నుంచి విడదీసి పెరట్లో ఇంకుడు గుంతకి మళ్ళించాం. మెయిన్ నిండినప్పుడు మురుగు వెనక్కి రాకుండా ఒక నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టించాం, అది మూసుకుని ఉన్నంతసేపు మన నీళ్ళు కూడా బయటికి పోవు కాబట్టి వాన జోరుగా ఉంటే ఇంట్లో నీళ్ళు వాడట్లేదు. ఆఫీసుకి వెళ్ళి నేనే చెప్పి తనిఖీకి పిలిచాను. వచ్చినాయన పైపు పాత రంధ్రం సిమెంటుతో మూశామా లేదా అని టార్చ్ వేసి చూసి, సంతకం పెట్టి, "పక్కింటివాళ్ళకి కూడా చెప్పండి" అన్నాడు. సాయంత్రం వెళ్ళి చెప్పాను. వాళ్ళ పైపు కూడా ఛాంబర్‌లోకే ఉంది, ఈ ఆదివారం ఇద్దరం కలిసి తవ్విస్తున్నాం.