కువైట్ పిల్లలు, కడప అవ్వ, యుద్ధం సినిమాలు

యుద్ధం మధ్యలో నడిచే ప్రేమకథలంటే నాకు ముందునుంచీ ఇష్టం. 2015లో వచ్చిన 'కంచె' రెండో ప్రపంచ యుద్ధాన్నీ మన పల్లెల్లోని కులాల గొడవనీ ఒకే కథలో చెప్పింది. 2022లో 'సీతారామం', 2024 దీపావళికి 'అమరన్' వచ్చాయి. కువైట్‌లో పిల్లల్ని పెంచుతూ వేసవి సెలవులకు కడప వచ్చే మాలాంటి ఇళ్ళలో వీటిని మూడు తరాలూ ఒకే గదిలో కూర్చుని చూస్తాం. పిల్లలు కథానాయికను చూసి కళ్ళు తుడుచుకుంటారు. మా అమ్మ మాత్రం, "వీళ్ళకు అప్పులేం లేవా?" అని అడుగుతుంది.

ఆమె ఎందుకలా అడుగుతుందో నా పిల్లలకు తెలియాలని నా తపన.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన రోజు మా నాన్న అక్కడ ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు. వీసా కోసం చేసిన అప్పు సగం కూడా తీరలేదు. ఫోన్లు పనిచేయలేదు, ఉత్తరాలు ఆగిపోయాయి. సిద్ధవటం దగ్గర మా పల్లెలో అమ్మకు దిక్కు రేడియో వార్తలే. ఊళ్ళో అప్పటికే చాలా ఇళ్ళనుంచి మగవాళ్ళు గల్ఫ్‌లో ఉన్నారు కాబట్టి, వార్తల టైముకు ఆడవాళ్ళంతా ఒకే అరుగు మీద చేరేవాళ్ళట. వార్తలు అయిపోయాక ఎవరి కలుపు పనికి వాళ్ళు. వేరుశెనగ చేను ఆగదు కదా. వడ్డీ అసలే ఆగదు.

నాన్న బస్రా, బాగ్దాద్ మీదుగా బస్సుల్లో జోర్డాన్ చేరాడు. ఎడారిలో గుడారాల్లో నీళ్ళకు, రొట్టెకు క్యూలో నిలబడ్డాడు. ఆగస్టు 13 నుంచి అక్టోబరు దాకా ఎయిర్ ఇండియా విమానాలు అమ్మాన్ నుంచి లక్షకు పైగా భారతీయుల్ని బొంబాయికి చేర్చాయి. ఆ లక్షలో ఆయనొకడు. బొంబాయి నుంచి మద్రాసు పోయే రైలు మన కడప మీదుగానే వెళ్తుంది కాబట్టి ఎక్కడా మారకుండా దిగాడు. చేతిలో ఉన్న ఇరాకీ, కువైటీ నోట్లు ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు.

ఇక్కడిదాకా వింటే సినిమాలాగే ఉంటుంది. దీని తర్వాతిది ఎవరూ తీయరు. మనిషి బతికి వచ్చాడు, సంతోషమే, కానీ సంపాదన పోయింది, అప్పు అలాగే ఉంది. ఐక్యరాజ్య సమితి పరిహార కమిషన్ ఇలా తరిమేయబడిన కార్మికులకు మనిషికి 2,500 నుంచి 4,000 డాలర్ల దాకా ఇచ్చింది. అయితే ఆ డబ్బు చేతికొచ్చేసరికి ఏళ్ళు గడిచాయి. అప్పటికే నాన్న మళ్ళీ కువైట్ వెళ్ళిపోయి చాలా కాలమైంది. ట్యాంకుల మధ్యనుంచి తప్పించుకొచ్చిన భర్తను, చమురు బావులు మండి నల్లటి పొగ కమ్మిన అదే దేశానికి మళ్ళీ పంపించడానికి అమ్మ ఎంత గుండె నిబ్బరం తెచ్చుకోవాలో ఇప్పుడు నేను తల్లినయ్యాక ఊహించగలుగుతున్నాను. ప్రేమ అంటే నాకు ముందుగా గుర్తొచ్చేది అదే.

నా పిల్లలు పుట్టింది అదే కువైట్‌లో. ఫిబ్రవరి 25, 26 తేదీలంటే వాళ్ళకు సెలవులు, జెండాలు, ఈమధ్య దాకా రోడ్డు మీద నీళ్ళ తుపాకులతో ఆటలు. రెండోది విముక్తి దినం అని స్కూల్లో చెప్పారు. ఆ విముక్తికి ముందు తాత ఏ బస్సెక్కాడో ఏ స్కూలూ చెప్పదు. అది చెప్పాల్సింది మేమే, అందుకు ఈ సినిమాలు సాయం చేస్తున్నాయి.

'సీతారామం'లో నాకు బాగా నచ్చింది కశ్మీరు మంచు కాదు, లండన్‌లో చదువుకునే పాకిస్తానీ అమ్మాయి ఆఫ్రీన్. భారతదేశం అంటేనే మండిపడే ఆ పిల్ల చేతికి, ఒక భారత సైనికుడు సీతకు రాసిన, ఇరవై ఏళ్ళుగా చేరని ఉత్తరం ఒకటి వస్తుంది. పరాయి దేశంలో పెరిగే పిల్లలకు కోపం కూడా ఇంట్లోంచే వస్తుందని ఆ పాత్ర చూస్తే తెలుస్తుంది. మా అమ్మాయికి ప్రాణ స్నేహితురాలు మా కింది అంతస్తులో ఉంటుంది, లాహోరు వాళ్ళ పిల్ల. 2025 మే నెలలో రెండు దేశాల మధ్య దాడులు జరిగినప్పుడు మా రెండిళ్ళలోనూ టీవీలు గట్టిగా మోగాయి. పిల్లలిద్దరూ మెట్ల మీద కూర్చుని ఏమీ మాట్లాడుకోలేదు. ఆ రోజుల్లోనే గోరంట్ల మండలం కల్లి తండా కుర్రాడు, అగ్నివీర్ మురళీ నాయక్, సరిహద్దులో ప్రాణాలు వదిలాడు. మా పక్క జిల్లా బిడ్డ. నేను చాలాసేపు ఏడ్చాను. అమ్మాయి భయపడుతూ అడిగింది, "ఇప్పుడు నేను కిందికి వెళ్ళొచ్చా అమ్మా?" వెళ్ళమన్నాను. ఆ అబ్బాయి కోసం నేను పడే బాధకూ, కింది ఇంటి పిల్లకూ సంబంధం లేదని ఆ పూటే చెప్పాలి. ఆలస్యం చేస్తే ఆ చోటు టీవీ తీసుకుంటుంది.

తర్వాత తెలిసింది, ఆ పిల్ల వాళ్ళ తాత కూడా 1990లో కువైట్‌లోనే ఉన్నాడట, ఆయనా జోర్డాన్ మీదుగానే ఇల్లు చేరాడట. మా నాన్నకు ఫోన్‌లో చెబితే, "ఆ గుడారాల్లో అందరం ఒకే బకెట్టు నీళ్ళు తాగినాం లే" అన్నాడు.

'సీతారామం'లో సీత అసలు పేరు నూర్జహాన్ అని తెలిసినప్పుడు పిల్లలు అమ్మ మొహం వైపు చూశారు, ఏమంటుందోనని. అమ్మ ఏమీ అనలేదు. కడపలో పెరిగినవాళ్ళకు అది కొత్త కాదు. ఉగాదికి దేవుని కడప వెంకన్న గుడికి ముస్లింలు వస్తారు, బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడబిడ్డ అని, అల్లుడికి మొక్కుకోవడానికి. పెద్ద దర్గాకు మేము వెళ్తాం. పిల్లలకు రెండూ చూపించాం, ఒకే రోజు పొద్దున, సాయంత్రం. మధ్యలో కారం దోశ.

'అమరన్' మాత్రం మా అమ్మను కదిలించింది. కశ్మీరులో ఉగ్రవాదులతో పోరాడి ప్రాణాలు వదిలిన మేజర్ ముకుంద్ వరదరాజన్ కథను ఆ సినిమా చాలావరకు ఆయన భార్య ఇందు వైపు నుంచి చెబుతుంది. ఫోన్ మోగితే ఒక భయం, మోగకపోతే ఇంకో భయం. అక్కడ మాత్రం అమ్మ అప్పుల మాట ఎత్తలేదు. సినిమా అయ్యాక అమ్మాయి, "అవ్వా, నీ కథ సినిమా తీస్తే ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగింది. "మీ తాత ఇంటికొచ్చి రెండు దినాలు ఒళ్ళెరక్కుండా నిద్రపోయినాడు. ఆ రెండు దినాలూ వాకిట్లో అప్పులోళ్ళకు నేనే జవాబు చెప్పుకున్నా, మనిషిని లేపనీకుండా. ఆడ మొదలుపెట్టమను."

అమ్మాయి అది రాసుకుంది. చిన్నవాడికి 'అమరన్' ఇంకా చూపించలేదు, కాల్పుల దగ్గరే వాడి కళ్ళు ఆగిపోతాయి. ముందు తాతతో కూర్చోబెట్టి బస్సు కథ చెప్పిస్తున్నాం. ఫిబ్రవరిలో అల్ ఖురైన్ తీసుకెళ్తాం, 1991లో పోరాడినవాళ్ళ ఇంటిని దెబ్బతిన్నది దెబ్బతిన్నట్టే ఉంచి మ్యూజియం చేశారక్కడ. కింది ఇంటి పిల్ల కూడా వస్తానంది, వాళ్ళమ్మను అడగాలి.