నల్ల ట్రంకు పెట్టె తాళం చెవి

మా ఆయన ఆర్మీలో 24 ఏళ్లు చేసి హవల్దార్‌గా రిటైరయ్యారు. ఇంటికొచ్చాక కూడా తెల్లారి నాలుగున్నరకే లేచి గడ్డం గీసుకునేవారు. పోయినేడాది వానాకాలంలో ఆ అలవాటు తప్పింది. బ్యాంకులో సెక్యూరిటీ ఉద్యోగం మానేశారు, నిద్ర కరువైంది. ఒకరోజు అన్నం తింటూ, “నేను పోయినా నీకు పెన్షన్ వస్తుందిలే, భయపడకు” అన్నారు. కలిపిన ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది.

ఆ రాత్రి పెరట్లోకెళ్లి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి, అంటే 14416కి ఫోన్ చేశాను. డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. “చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా ఆయన్నే అడగండమ్మా. అడిగినంత మాత్రాన లేని ఆలోచన రాదు” అంది ఆ అమ్మాయి. లోపలికొచ్చి అడిగాను. ఆయన గోడ వంక చూస్తూ, “అనిపిస్తోంది” అన్నారు. తెల్లారేదాకా పక్కనే కూర్చున్నాను.

“బయటికి పొక్కితే కేసవుతుంది వదినా” అని మా మరిది భయపెట్టాడు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం, ప్రాణం తీసుకోబోయిన మనిషిని కూడా తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలి, వైద్యం అందించాలి. పాపం, వాడికి ఆ సంగతి తెలీదు.

పొద్దున్నే ఈసీహెచ్ఎస్, అంటే మాజీ సైనికుల వైద్య పథకం కార్డు పట్టుకుని పాలీక్లినిక్‌కి వెళ్లాం. కౌంటర్లో పదిమంది ఎదుట “ప్రాబ్లం ఏంటి?” అని గట్టిగా అడిగితే ఏం చెప్తారు? పక్కన కూర్చున్నవాళ్లంతా మాజీ సైనికులే. “నిద్ర పట్టట్లేదు” అని రాయించుకున్నారు. లోపల డాక్టరమ్మ మాత్రం తలుపు వేసి, కుర్చీ దగ్గరికి జరుపుకుని అంతా వింది. పెద్దాసుపత్రికి పంపే రిఫరల్ చీటీ రాస్తూ, ఎమర్జెన్సీలో ఇది లేకుండానే పథకం ప్యానెల్‌లో ఉన్న ఆసుపత్రికి నేరుగా వెళ్లొచ్చని చెప్పింది. ఆ ముక్క ముందే తెలిసుంటే రాత్రే బయల్దేరేవాళ్లం.

ఆసుపత్రిలో సైకియాట్రిస్టు మందులతో పాటు ఒక కాగితం ఆయన చేతే రాయించారు. మనసు చెడుతోందని దేన్నిబట్టి తెలుస్తుంది, అప్పుడు తనంతట తాను ఏం చేయగలడు, ఎవరి దగ్గరికెళ్లాలి, ఎవరికి ఫోన్ చేయాలి. మొదటి గడిలో ఆయన “గడ్డం గీసుకోను” అని రాశారు. ప్రమాదమైనవేవీ ఇంట్లో చేతికందేలా ఉంచొద్దన్నారు డాక్టరు. పొలం మందులు మా తమ్ముడు పట్టుకుపోయాడు. మాత్రలు ఆయన సర్వీసు నల్ల ట్రంకులో పెట్టాను. దాని మీద ఆయన నంబరు తెల్లరంగుతో ఇంకా చెక్కుచెదరకుండా ఉంది. తాళం చెవి నా మెళ్లో ఉంటుంది.

తొమ్మిదో రోజు ఇంటికొచ్చాం. అసలు కష్టం అక్కడే మొదలైంది. ఆసుపత్రి నుంచి వచ్చిన మొదటి వారాలే ఎక్కువ ప్రమాదమని డాక్టరే అన్నారు, కానీ ఎటునుంచీ ఒక్క ఫోన్ రాలేదు. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో ఇలాంటి కాగితం రాయించి, ఇంటికెళ్లాక ఫోన్లు చేస్తూ వచ్చారట. 2018లో అచ్చయిన అధ్యయనంలో, మామూలు వైద్యం అందినవాళ్లతో పోలిస్తే వీళ్లలో ఆరు నెలల్లో ఆత్మహత్యా ప్రయత్నాల లాంటివి 45 శాతం తక్కువ. మన పాలీక్లినిక్‌లోనూ మా నంబరుంది. ఫోన్ చేయడానికి కొత్త భవనం కట్టక్కర్లేదు కదా!

వెళ్లి డాక్టరమ్మని అదే అడిగాను. ఆ వారం నుంచి అక్కడి సిస్టర్ తన సొంత ఫోన్లోంచి చేస్తోంది. ఆ అమ్మాయి సెలవు పెడితే చేసేవాళ్లు లేరు, దీన్ని ఎవరో ఒకరి డ్యూటీగా రాసిపెట్టాలని మళ్లీ అర్జీ ఇచ్చాను. ఆదివారాలు ఆయన యూనిట్ స్నేహితుడు చేస్తాడు. నిన్న సిస్టర్ ఫోన్ వచ్చేసరికి ఆయన అద్దం ముందున్నారు. సబ్బు నురగ అంటిన చెంపకే ఫోన్ ఆనించుకుని, “ఠీక్ హై మేడమ్, నిద్ర పట్టింది” అన్నారు.