అద్దె సామానుతో ఆరు స్లాబులు: నా అనుభవం

తెల్లాపూర్‌లో స్టిల్ట్ (పార్కింగుకు వదిలే, స్తంభాల మీద నిలిచే కింది భాగం) మీద ఐదు అంతస్తుల అపార్ట్‌మెంటు పని మా సంస్థకు వచ్చినప్పుడు సైటు బాధ్యత నాకు అప్పగించారు. అంతకుముందు జాకీలు (పచ్చి స్లాబును కింద నుంచి మోసే, ఎత్తు మార్చుకోగల ఇనుప పైపు స్తంభాలు), స్పాన్లు (జాకీల మీద అడ్డంగా వేసే ఇనుప దూలాలు), సెంట్రింగ్ షీట్లు (కాంక్రీటు పోయడానికి కింద పరిచే ఇనుప రేకులు) మొదలుకొని గ్రైండర్లు, కాంక్రీటును కుదించే వైబ్రేటర్ల వరకు అన్నీ సొంతంగా కొని, ఒక సైటు ముగియగానే మరో సైటుకు తరలించేవాళ్లం. ఆ తరలింపుల్లో ఏది ఎక్కడ ఉందో, ఏది ఎప్పుడు పాడైందో చెప్పగలిగేవారు లేకుండా పోయారు. అందుకే ఈసారి సామానూ మెషిన్లూ బయటి సరఫరాదారు దగ్గర అద్దెకు తీసుకోవాలని, కటింగ్ డిస్కులు, బైండింగ్ వైరు, కవర్ బ్లాకులు, చేతి తొడుగుల వంటివి కూడా నెలనెలా ఆయన ద్వారానే తెప్పించుకోవాలని నిర్ణయించాం.

ఒప్పందం రాసుకునే రోజున మా దృష్టంతా రేటు మీదే నిలిచింది. జాకీకి రోజుకు ఎంత, షీటుకు ఎంత అని పైసలతో సహా బేరమాడాం గాని, అద్దె ఏ రోజు నుంచి ఏ రోజు వరకు నడుస్తుందన్న షరతును పైపైన చదివి వదిలేశాం. సామాను వాళ్ల యార్డుకు తిరిగి చేరి, అక్కడ లెక్క పూర్తయ్యే దాకా అద్దె నడుస్తుందని అందులో స్పష్టంగానే ఉంది. మొదటి స్లాబు కింది సామాను విప్పించి ప్రహరీ పక్కన పేర్పించాను. తర్వాతి స్లాబుకు అవసరం లేని జాకీలను అదే వారంలో వెనక్కి పంపవలసింది. వానలు పట్టుకోవడంతో లారీ మాట వాయిదా పడుతూ వచ్చింది. నెలాఖరు బిల్లులో ప్రహరీ పక్కన ఊరికే పడి ఉన్న ఆ జాకీలన్నింటికీ పూర్తి అద్దె పడింది. తప్పు నాదే కాబట్టి వాదించలేదు.

అద్దె భారం పెరుగుతున్నప్పుడు జాకీలు తొందరగా విప్పేయాలన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. ఆ మాట మా ఆఫీసు నుంచీ వచ్చింది. నేను ససేమిరా అన్నాను. కాంక్రీటు పనులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుతో వేసిన స్లాబు కింద, స్పాను, అంటే ఆధారాల మధ్య దూరం, నాలుగున్నర మీటర్ల లోపు ఉంటే 7 రోజులు, దాటితే 14 రోజులు జాకీలు ఉండాలి. బీముల కిందైతే ఆరు మీటర్ల వరకు 14 రోజులు, ఆపైన 21 రోజులు. మేము వాడింది ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) కలిసిన పీపీసీ రకం సిమెంటు కావడంతో ఇంకొన్ని రోజులు ఆగవలసి ఉంటుంది. ఆదా చేయదలిస్తే ఆ గడువులను ముందే కాగితం మీద పెట్టుకొని, బీముల కింది జాకీలకు రెండో సెట్టు ఎప్పుడు తెప్పించాలి, స్లాబు షీట్లు ఎప్పుడు పైకి ఎక్కించాలి, మిగులు ఏ తేదీకి యార్డుకు పంపాలి అన్నది తేల్చుకోవాలి. రెండో స్లాబు నుంచి అలాగే చేశాం. మిగులు తేలిన రోజే సరఫరాదారుకు రాతపూర్వకంగా తెలిపి, ఆ తేదీకే అద్దె ఆగేలా, లారీ ఆలస్యమైతే ఆ భారం ఆయనదే అయ్యేలా షరతు మార్పించుకున్నాను. దానికి బదులుగా ప్రతి పదిహేను రోజులకు బిల్లు చెల్లిస్తామని ఒప్పుకున్నాను.

అసలు కష్టం లెక్క దగ్గర ఎదురైంది. మొదట్లో లారీ వచ్చిన రోజు సాయంత్రం హడావుడిలో కట్టలు మాత్రమే లెక్కపెట్టి చలానా మీద సంతకం చేసేవాళ్లం. ఒకరోజు స్టోర్ అబ్బాయి ఒక కట్ట విప్పి, "సార్, వందకు సంతకం పెట్టాం, జాకీలు వందే ఉన్నాయి గానీ పిన్నులు ఎనభై రెండే" అన్నాడు. పిన్ను లేని జాకీ కేవలం రెండు పైపులే. లోపలి పైపును ఎత్తులో నిలబెట్టేది ఆ పిన్నే. కూలీలు పిన్ను దొరకనప్పుడు రాడ్డు ముక్క దూర్చేస్తారు, పైన పచ్చి కాంక్రీటు బరువు పడ్డప్పుడు ఆ ముక్క వంగితే స్లాబే కుంగుతుంది. ఆ రోజు నుంచి ప్రతి జాకీనీ లోపలి పైపు, బయటి పైపు, నట్టు, పిన్ను అని నాలుగుగా చూసి, సున్నపు గుర్తు పెట్టాకే దించుకున్నాం. దించడానికి గంట బదులు రెండున్నర గంటలు పట్టేది, హమాలీలు విసుక్కునేవారు; వాళ్లకు అదనంగా ఇచ్చాం. తిరిగి పంపేటప్పుడు నట్ల మరల్లో గట్టిపడిన సిమెంటు పాలను గీకించి, నూనె రాయించి పంపేవాళ్లం, లేకపోతే అది డ్యామేజీ కింద పడేది.

మెషిన్ల విషయంలో మాత్రం బయటి సరఫరా నిజంగా మేలు చేసింది. వైబ్రేటర్ ఆగిపోతే మర్నాటి ఉదయానికి మరొకటి వచ్చేది. డిస్కుల్లో ఒకసారి చిక్కు వచ్చింది. కటింగ్ డిస్కు మధ్యలోని లోహపు రింగు మీద గడువు తీరే నెల, సంవత్సరం ముద్రించి ఉంటాయి. మాకొచ్చిన పెట్టెలో ఆ తేదీ దాటి అప్పటికే నాలుగు నెలలైంది. పాతబడిన డిస్కు నిమిషానికి పదకొండు వేల చుట్లు తిరిగే గ్రైండర్ మీద పగిలితే ముక్కలు ముఖానికే వస్తాయి. పెట్టె మొత్తం వాపసు పంపి, ఆ తర్వాత పెట్టె విప్పగానే రింగు చదవడం స్టోర్‌లో నియమంగా పెట్టాను.

చివరి స్లాబు విప్పాక ఆఖరి లెక్కలో పదకొండు జాకీలు తక్కువ వచ్చాయి. డిపాజిట్ నుంచి కోత పెడతామన్నారు. రెండు రోజుల గడువు అడిగి, మేస్త్రీని వెంటబెట్టుకొని సైటంతా తిరిగాను. హెడ్‌రూమ్ మెట్ల ల్యాండింగ్ కింద ఆరు ఇంకా నిలబడే ఉన్నాయి, లిఫ్టు గుంటలో నీరు తోడించాక మూడు దొరికాయి. మిగిలిన రెండింటికీ, పోయిన పిన్నులకూ డబ్బు కట్టి, ఇరువైపులా ఒకే కాగితం మీద సంతకాలు చేసి, అందులో ఒక ప్రతి నా దగ్గర ఉంచుకున్నాను.