ఆసుపత్రిలో ఆరు రోజులు

మా చిన్నమ్మాయి డెంగీ జ్వరంతో గుంటూరులో ఆసుపత్రిలో ఉన్న ఆరు రోజులు నేను సంఘ కాపరిని కాను, ఇతరుల ప్రార్థన మీద ఆధారపడిన తండ్రిని మాత్రమే. నాలుగో రోజు జ్వరం దిగగానే స్తోత్రం చెప్పుకొని ఇంటికి బయలుదేరదామనుకున్నాను; కానీ డెంగీలో అసలు ప్రమాదం జ్వరం తగ్గిన తరువాతి ఒకటి రెండు రోజుల్లోనే ఉంటుందని, రక్తనాళాల నుండి ద్రవం బయటికి ఊరి రక్తపోటు పడిపోవచ్చని డాక్టరుగారు చెప్పినప్పుడు నా కాళ్లలో సత్తువ పోయింది. లక్షన్నరకు పైగా ఉండవలసిన ప్లేట్‌లెట్లు ఆ సాయంత్రానికి 28 వేలకు దిగాయి.

ఎందరో రోగుల తలపై చేయి ఉంచి ప్రార్థించిన నాకు, సెలైన్ సూది గుచ్చిన ఆ చిన్న చేతిని పట్టుకున్నప్పుడు ఒక్క మాట రాలేదు. ఆ రాత్రి స్త్రీల కూడికవారు మందిరంలో చాపలు పరచుకుని తెల్లవార్లూ ప్రార్థించారు. కలుపు కూలికి వెళ్లే ఒక పెద్దమ్మ మొదటి బస్సుకే గంజి క్యారియర్‌తో వచ్చి, కొంగు ముడి విప్పి, చెమటకు తడిసిన మూడు వంద నోట్లను నా భార్య చేతిలో పెట్టి, "కాదనకండి, పాస్టరమ్మగారూ" అన్నది. ఆమె వెళ్లాక మేమిద్దరం ఏడ్చాము.

మర్నాటి నుండి ప్లేట్‌లెట్లు పెరిగాయి. ఆదివారం వాక్యానికి ముందు సంఘానికి ఒక మాట చెప్పాను: ప్రార్థనతోపాటు రక్తపరీక్ష కూడా చేయించండి, ఆ జ్వరంలో నొప్పులకని ఆస్పిరిన్ వేయకండి. ఆరాధన ముగిశాక, డెంగీని మోసే, పగటిపూట కుట్టే దోమ నిలువ నీటిలోనే గుడ్లు పెడుతుందని తెలిసిన మన యువకులు మందిరం వెనుక తొట్టిని తోమి ఆరబెట్టారు. పాప అరుగు మీద కూర్చుని, దానిమ్మ గింజలు తింటూ వారిని చూస్తూ ఉంది.