ఏడాది మొత్తం చెడ్డది కాదు

1992 నవంబరు 20న బ్రిటన్ రాజకుటుంబ నివాసమైన విండ్సర్ కోట తగలబడింది. నాలుగు రోజులకు రెండో ఎలిజబెత్ రాణి తన ప్రసంగంలో ఆ ఏడాదిని ‘ఆనస్ హారిబిలిస్’ అన్నారు. లాటిన్‌లో ఘోరమైన సంవత్సరమని అర్థం. ఆమె బాధ అర్థమవుతుంది గానీ, ఏడాదంతటికీ ఆ పేరు పెట్టడానికి నాకు మనసొప్పదు. నాన్న ఐసీయూలో ఉన్న సంవత్సరంలోనే చెల్లికి కూతురు పుట్టింది మరి!

ఆ ఆసుపత్రి రోజుల గురించి లండన్ స్నేహితులకు చెప్పేటప్పుడు ‘రాక్ బాటమ్’ అంటాను, అంటే అట్టడుగు. తవ్వుతూ పోతే గడ్డపార దిగని రాతిపొర అది. అంతకన్నా కిందికి జారడం ఉండదు, అందుకే ఆ మాటంటే నాకు ఇష్టం. అట్టడుగు స్థితికే వాడే మరో ఇంగ్లిషు మాట ‘నేడిర్’ ఖగోళశాస్త్రం నుంచి వచ్చింది: నడినెత్తికి సరిగ్గా ఎదురుగా, పాదాల కింద ఉండే ఆకాశ బిందువు. నాన్నకు వెంటిలేటర్ పెట్టిన రాత్రికి మాత్రం అదే సరైన మాట. కాళ్ల కింద నేల ఉందనిపించలేదు.